చేతుల అంకుల్

ఆవులప్పకు ఒక మొహం కూడా ఉందన్న సంగతి జనానికి తెలియదు. ఆయన చేతులు మాత్రం బెంగుళూరులోనే కాదు, హైదరాబాదులో, దుబాయిలో, ఆయనకు నోరు తిరగని మరికొన్ని ఊళ్ళలో కూడా తెలుసు.

చిక్కపేటలో ఆయన పనిచేసేది పట్టుచీరల అంగడి. పాత యజమాని ఆదినారాయణప్ప మోకాళ్ళ నొప్పులతో ఇంటికి పరిమితమయ్యాక, కొడుకు శశిధర్ వచ్చి తెల్లపరుపు ముందర ఒక ఫోను నిలబెట్టాడు. దాని చుట్టూ గుండ్రటి దీపం. మధ్యాహ్నం ఆ దీపం వెలిగిందంటే లైవ్ మొదలైనట్టు. ఫోనులో కనబడేది ఒక చీర, దాని మీద కదిలే రెండు చేతులు. మాటలన్నీ పక్కన నిలబడి శశిధర్ మాట్లాడతాడు. చేతులు ఆవులప్పవి. మొహం అక్కర్లేదని శశిధర్ మొదటి రోజే తేల్చేశాడు.

"అణ్ణా, మీ మొహం చూస్తే ఎవరికైనా రేటు తగ్గించమని అడగబుద్ధవుతుంది. చేతులు చాలు."

ఆవులప్ప దీన్ని అవమానం అనుకోలేదు. అవమానాలను లెక్కపెట్టేవాడు చిక్కపేటలో తల నెరిసేదాకా నౌకరీ చేయలేడు. పైగా కొద్ది రోజులకే ఆ చేతులకు అభిమానులు పుట్టారు. "అంకుల్ చీర మడుస్తుంటే చూస్తూ నిద్రపోయాను, అంత హాయిగా ఉంది" అని ఒకావిడ రాసింది. చీర కొన్నదా లేదా అన్నది వేరే సంగతి. ఇంకొకావిడ 'చేతుల అంకుల్' అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది. అప్పటి నుంచి ఆవులప్ప బస్సులో కూర్చుంటే చేతులు ఒడిలో పెట్టుకోవడం మానేశాడు. ముందు సీటు కడ్డీ మీద, అందరికీ కనబడేలా, పువ్వుల్లా పరిచి పెట్టేవాడు. టీ గ్లాసు రెండు చేతులతో ఎత్తేవాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని అంగడి దగ్గర మెట్రో దిగేవాళ్ళకు దారి చూపించేవాడు, వాళ్ళు అడగకపోయినా.

అంతా కీర్తి కోసమే కాదు. ఆ పరుపు మీద కూర్చున్నవాడికి ఫ్యాను గాలి తగులుతుంది, కాఫీ ముందుగా వస్తుంది, యజమాని 'అణ్ణా' అంటాడు. పరుపు దిగినవాడు మేడమీద గోడౌనుకు పోతాడు. అక్కడ కిటికీ లేదు. దుమ్ము, అట్టపెట్టెలు, ట్యూబులైటు. వయసు మళ్ళిన సేల్స్‌మన్లను అక్కడికి పంపిస్తారు. పైకి పోయినవాడు మళ్ళీ కిందికి దిగేది భోజనానికి, ఆ తర్వాత ఇంటికి. పరుపు మీదికి తిరిగి వచ్చినవాడిని ఆవులప్ప ఇంతవరకు చూడలేదు.

శ్రావణం దగ్గరపడింది. వరమహాలక్ష్మి పండగ ముందు చీర కొనని ఆడమనిషి బెంగుళూరులో ఉంటే ఆమెకు ఒంట్లో బాగాలేదని అనుకోవాలి. అంగడికి ఏడాది బతుకు ఆ నాలుగు వారాల్లో ఉంది. సరిగ్గా అప్పుడే, లైవ్ జరుగుతుండగా, వర్తూరు నుంచి వరూధిని అనే ఆవిడ ఒక ముక్క రాసింది. చెరువు పక్కన గేటు కట్టుకున్న ఇళ్ళలో ఉంటుంది. ప్రతి లైవ్‌కూ వస్తుంది, ప్రతి చీరకూ ఒక వంక పెడుతుంది, చివరికి ఏదో ఒకటి కొంటుంది. అందుకని ఆమె మాటంటే శశిధర్‌కు హడలు.

"చీర బాగుంది అంకుల్. దయచేసి ఆ చిటికెన వేలు గోరు మాత్రం కెమెరాలో పెట్టకండి. నేను భోంచేస్తున్నాను."

దాని కింద నవ్వే బొమ్మలు వరుసగా పడ్డాయి.

ఆవిడ అన్నది అబద్ధం కాదు. ఆవులప్ప ఎడమ చిటికెన వేలి గోరు ఏళ్ళ తరబడి పెంచినది. పారలా ముందుకు వంగి ఉంటుంది. దానితో చీర మడత అంచును లేపి, ఒక్క విసురులో పల్లూ పరుస్తాడు. బేరాలు లేనప్పుడు అదే గోరు చెవిలోకి పోతుంది. రెండు పనుల మధ్య కడుగుతాడా అని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. మిగతా గోళ్ళు వక్కాకు, పసుపు, వయసు మూడూ కలిసి ఏ రంగు చేస్తాయో ఆ రంగులో ఉన్నాయి.

దీపం ఆర్పాక శశిధర్ వచ్చి పరుపు అంచున కూర్చున్నాడు.

"అణ్ణా, శుక్రవారం నుంచి పెద్ద లైవ్‌లు. మీరే కూర్చోవాలని నాకూ ఉండాది. కానీ ఆ గోళ్ళు చూడండి. క్లోజప్‌లో పెడితే కొడవళ్ళ మాదిరి ఉండాయి. సరిచేసుకుని రండి. లేదంటే లలిత్ కూర్చుంటాడు."

లలిత్ అంటే పార్సిళ్ళు కట్టడానికి చేరిన కుర్రవాడు. మీసం ఇంకా మనసు మార్చుకుంటున్న వయసు. వాడు తన పేరు విన్నాడు. టేపు కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి, అటు తిప్పి ఇటు తిప్పి ఒకసారి చూసుకున్నాడు. పొడుగాటి వేళ్ళు, ఒలిచిన బాదంపప్పుల్లాంటి గోళ్ళు. ఆవులప్పకు గోడౌను మెట్లు కళ్ళ ముందు కనబడ్డాయి.

మడివాళలో ఆవులప్పకు తాతల నాటి చిన్న ఇల్లు ఉంది. మేడమీద రెండు గదులు ఉద్యోగాల అమ్మాయిలకు ఇచ్చాడు. వాళ్ళకు వంట చేసి పెట్టేది ఆయన భార్య అంజినమ్మ. ఆ అమ్మాయిల్లో గుంటూరు నుంచి వచ్చిన జెస్సీ ఒకతె. కంప్యూటరు కొట్టే పని కాబట్టి పొద్దస్తమానం చూసుకునేది తన గోళ్ళే. పార్లరుకు పోయి పోయి విసిగి, చిన్న దీపం పెట్టె, సీసాలు కొనుక్కుని గదిలోనే జెల్ పాలిష్ వేసుకుంటుంది. వేసుకుంటే మూడు వారాలు చెక్కుచెదరదని ఆ పిల్ల ఫోనులో ఎవరితోనో చెప్పడం ఆవులప్ప మెట్ల కింద నిలబడి విన్నాడు.

"గోళ్ళకు రంగు ఏపిచ్చుకుంటావా?" అంది అంజినమ్మ.

"రంగు కాదే. జెల్లు. రంగుండదు, అద్దం మాదిరి మెరుస్తాదంతే. మూడు వారాలు పోదంట."

"మూడు గంటలు ఒక మాట మీద ఉండవు నువ్వు. నీ గోటి మీద అది మూడు వారాలు ఉంటాదా?"

"నీకేం తెలుసు. ఇప్పుడు మొగోళ్ళు కూడా చేపిచ్చుకుంటాండారు."

"చేపిచ్చుకో అప్పా. ఆ పిల్లనడిగి చెవులకు జుంకీలు కూడా పెట్టిచ్చుకో. పండగ కదా."

అడిగితే జెస్సీ మాత్రం నవ్వలేదు. మంచి పిల్ల. అద్దె నాలుగు రోజులు ఆలస్యమైనా అంకుల్ ఊరుకుంటాడన్న కృతజ్ఞత కూడా ఉంది.

"సండే మధ్యాహ్నం చేస్తా అంకుల్. హ్యాండ్స్ కొంచెం నీట్‌గా పెట్టుకుని రండి చాలు."

నీట్‌గా పెట్టుకోవడం అంటే సబ్బుతో కడుక్కుని రావడమని ఎవరికైనా తెలుస్తుంది. ఆవులప్పకు అంత చిన్న మాటతో తృప్తి కలగలేదు. ఆయన వంశంలో దేన్ని బాగుచేయాలన్నా ముందు నూనె పడాలి. తలకు నూనె, పసిబిడ్డకు నూనె, తలుపు బందులకు నూనె, చివరికి కొత్త మట్టికుండకు కూడా నూనె. శనివారం సాయంత్రం కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, గిన్నెలో వేళ్ళు ముంచుకుని టీవీ ముందు కూర్చున్నాడు. ఆదివారం పొద్దున ఆముదం పట్టించి, గోరు గోరునూ గుర్రాన్ని మాలీషు చేసినట్టు రుద్దాడు. పది వేళ్ళూ పండిన అరటిపండ్లలా నిగనిగలాడాయి. తుండుగుడ్డతో తుడుచుకుని మేడెక్కాడు.

జెస్సీ చాప మీద పీట వేసి, దాని మీద తన సామాను పరిచింది. ముందుగా చిటికెన వేలి గోరు పట్టుకుంది.

"ఇది తీసేయాలి అంకుల్."

"అంతా ఎందుకమ్మా, సగం ఉంచు."

"సగం ఉంచితే వేలు ఎటో చూపిస్తున్నట్టు ఉంటుంది."

ఆవులప్ప మొహం అటు తిప్పుకున్నాడు. కట్టరు టక్కుమంది. సూది మందు వేయించుకునే పిల్లవాడిలా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఏళ్ళనాటి గోరు గచ్చు మీద ఎక్కడో పడిపోయి ఉంది. జెస్సీ మిగతావి కత్తిరించి, అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీసింది. గోరు మొదట్లో పేరుకున్న చర్మాన్ని పుల్లతో వెనక్కి నెట్టింది. అలా నెడుతూ ఆగి, వేలును వెలుతురులో పెట్టి చూసింది.

"ఆయిల్ ఏమైనా పెట్టారా అంకుల్? జారిపోతున్నాయి."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మనిషికి దొరకదు. అడిగింది కూతురి వయసు పిల్ల, గదిలో వేరే ఎవరూ లేరు. కానీ ఆవులప్ప రెండు రోజుల శ్రమను ఒక ముక్కలో ఒప్పేసుకోవడానికి ఇష్టపడలేదు.

"లేదమ్మా. ఇన్నేండ్లు పట్టు ముట్టుకున్న చేతులు. వాటంతటవే అట్లయిపోయినాయి."

"అవునా, లక్కీ అంకుల్ మీరు. ఆయిల్ ఉంటే జెల్ నిలవదు, లేచొచ్చేస్తుంది. అందుకే అడిగా."

ఇప్పుడైనా చెప్పొచ్చు. మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ లక్కీ అని అప్పుడే పేరొచ్చింది, దాన్ని అప్పుడే తిరిగిచ్చేయడం ఆయనకు చేతకాలేదు. జెస్సీ ఆయన మాట నమ్మి, దూదికి స్పిరిట్ అద్ది ఒక్కసారి పైపైన తుడిచింది. నూనె లోపల చల్లగా కూర్చునే ఉంది. దాని మీద ఒక పూత, నీలం దీపంలో చేయి, మళ్ళీ పూత, మళ్ళీ దీపం, ఆఖరికి మెరుపు పూత. చేయి లోపల పెట్టినప్పుడు గోళ్ళు చురుక్కుమన్నాయి. ఆవులప్ప ఓర్చుకున్నాడు.

అంతా అయ్యాక చేతులు చూసుకుంటే అవి ఎవరివో అనిపించింది. లలిత్ చేతుల పక్కన పెడితే లలిత్ చేతులు పని మనిషివి అనిపిస్తాయి.

"వేడి నీళ్ళలో ఎక్కువసేపు నానబెట్టకండి. గోళ్ళతో ఏదీ గీకొద్దు. పసుపు మరక పడుతుంది, కూర కలుపుకునేటప్పుడు చూసుకోండి. ఎక్కడైనా లేచొస్తే లాగొద్దు అంకుల్, నా దగ్గరికి రండి, కరిగించి తీస్తాను. లాగితే గోరు కూడా వచ్చేస్తుంది."

ఆ పూట భోజనానికి ఆవులప్ప స్పూను అడిగాడు. కంచంలో ఉన్నది రాగిసంగటి, పప్పు. అంజినమ్మ స్పూను ఇవ్వకుండా కాసేపు ఆయన్ను చూసింది. తర్వాత ఇచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆయన స్పూను నిలువుగా పట్టి ముద్దను ఒక పోటు పొడిచాడు. స్పూను దిగబడింది, రాలేదు. పైకి లాగితే ముద్ద మొత్తం లేచి వచ్చింది.

"ఏం పాపం చేసిందప్పా అది, అట్ల పొడుస్తాండావు?"

"మరకబడతాదే."

"ఇంగ రేపట్నుంచి నేను తినిపిస్తా. చొక్కా గుండీలు పెట్టేది నేనే, చెప్పులు తొడిగేది నేనే. పెద్దదాన్నయినా నాకు మళ్ళీ ఒక బిడ్డ పుట్టినట్టుండాది."

ఆమె ఎగతాళికి అన్నది. ఆయన గుండీల సంగతి నిజంగానే ఆలోచించాడు.

శుక్రవారం దీపం వెలిగింది. ఆవులప్ప మొదటి చీర విప్పాడు. విప్పుతూనే ఫోనులో అక్షరాలు చీమల్లా పాకడం మొదలుపెట్టాయి. అంకుల్ చేతులు వావ్. అంకుల్ ఏ పార్లర్. మా ఆయనకు చూపిస్తున్నా, చూసి నేర్చుకోమని. వరూధిని ఎర్రటి గుండెలు మూడు పెట్టింది. శశిధర్ వాటిని పైకి చదువుతూ ఆవులప్ప భుజం తట్టాడు. వెనకాల లలిత్ పార్సిలు టేపు ఊడలాగుతున్న చప్పుడు మామూలు కంటే గట్టిగా వినిపించింది. ఆవులప్ప జీవితంలో అంతకంటే మంచి చప్పుడు లేదు.

నెమలిపింఛం రంగు చీర ఒకటి వచ్చింది. జానెడు జరీ అంచు, బరువైన పల్లూ. దాన్ని విసిరి పరవబోయాడు. కుడి బొటనవేలి గోటి మూల జెల్ కొంచెం లేచి ఉందని ఆయనకు పొద్దున్నే తెలుసు. పంటితో నొక్కి అతికించుకుని వచ్చాడు. నూనె మీద అతికింది అంతసేపు నిలవడమే ఎక్కువ. లేచిన మూల జరీలో చిక్కుకుంది. చిన్న చప్పుడు, పిండి జల్లెడలో గోరు గీసినట్టు. అంచు మీద బంగారు పోగు ఒకటి బెత్తెడు దూరం ఊడొచ్చి, పక్కనున్న పట్టు ముడుచుకుపోయింది.

ఆవులప్ప అరచేయి దాని మీద పడేశాడు. పడేసి అక్కడే ఉంచాడు.

"పల్లూ చూపించండి అణ్ణా," అన్నాడు శశిధర్.

చేయి కదలలేదు.

"అణ్ణా, పల్లూ."

ఇంతవరకు ఒక్క లైవ్‌లోనూ నోరు తెరవని మనిషి, అప్పుడు తెరిచాడు.

"ఇది చూపించకూడదు."

"ఏమిటికి?"

"అమ్మవారికని ఎత్తిపెట్టింది ఇది. వరమహాలక్ష్మికి. మరిచిపోయి కిందికి తెచ్చినారు."

శశిధర్ ఫోను వైపు తిరిగాడు. అందులో అక్షరాలు వర్షంలా కురిశాయి. అమ్ముడుపోదని తెలిశాక ఆ చీర మీద అందరికీ ఒకేసారి భక్తి కలిగింది. నాకు కావాలి. నాకే ముందు. ఎంతైనా సరే. వరూధిని అయితే, తన ఇంట్లో అమ్మవారు ఆ రంగు చీరలోనే కలలో కనబడ్డారని రాసింది. ఎప్పుడు కలగన్నదో, ఆ మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసిన జాడ లేదు. ఆవులప్ప అరచేయి మాత్రం అక్కడే ఉంది. దాన్ని చూసి ఎవరో, అంకుల్ ఎంత భక్తిగా పట్టుకున్నారో చూడండి అన్నారు.

దీపం ఆర్పి, శశిధర్ వచ్చి ఆ అరచేయిని తన చేత్తో లేపాడు. చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. అప్పుడే జేబులో ఫోను ఒకదాని వెంట ఒకటి మోగడం మొదలైంది. కోపం ఒక పక్క, వ్యాపారం ఒక పక్క కూర్చుని మొహాన్ని గుంజుకున్నాయి. ఏది గెలుస్తుందో ఆవులప్పకు ముందే తెలుసు. ఈ కుర్రవాడి తండ్రి దగ్గర కూడా పని చేసినవాడు.

"సరే," అన్నాడు శశిధర్ చివరికి. "అంగట్లో అమ్మవారికి ఇదే కడదాం. చినిగింది వెనకకు పోతుంది. ఫోటో తీసి పెడదాం. ఇదే డిజైను పైన ఇంకా ఉండాయి కదా. అమ్మవారు కట్టిన చీర అని అమ్మేద్దాం."

"మంచిది అప్పా."

"మీరు కూడా కూర్చోండి. వాళ్ళందరికీ మీరే కావాలంట. కానీ ఆ గోళ్ళు ఇంగ నా చీరల మీద పడకూడదు."

మరునాడు శశిధర్ తెల్లటి నూలు గ్లౌజులు తెచ్చాడు. పెద్ద నగల అంగళ్ళలో వేసుకుంటారు, అలాంటివి. క్లాసుగా ఉంటుందన్నాడు. ఆవులప్ప ఆ మెరిసే పది గోళ్ళనూ ఒక్కొక్కటిగా గుడ్డసంచుల్లోకి పంపించాడు. గుడ్డకు ప్రాణం ఉంటే ముద్దు పెట్టుకునేది, అంత నున్నగా ఉన్నాయి, ఒక్క బొటనవేలు తప్ప.

ఆడవాళ్ళకు గ్లౌజులు గోళ్ళకంటే నచ్చాయి. ఎంత శుభ్రం అన్నారు. అమ్మవారి చీరలు కదా, మడిగా ముట్టుకుంటున్నారు అన్నారు. వరూధిని వర్తూరు నుంచి కారు వేసుకుని అంగడికే వచ్చింది. అమ్మవారు కట్టిన డిజైనులో రెండు తీసుకుంది. పోతూ పోతూ ఆవులప్ప దగ్గరికి వచ్చి, "అంకుల్, గ్లౌజులు వేసుకుని ఈ చీర ఒకసారి పట్టుకుంటారా, ఫోటో తీసుకుంటాను," అంది. ఆయన పట్టుకుని, తల దువ్వుకుని, నవ్వు మొహం పెట్టాడు. "కొంచెం తల వెనక్కి పెట్టండి అంకుల్, ఫ్రేములోకి వస్తోంది," అందావిడ.

టీ తాగేటప్పుడు మాత్రం గ్లౌజులు తీసి, గ్లాసు పట్టుకున్న వేళ్ళను టీకొట్టువాడి వైపు తిప్పేవాడు. వాడు చిల్లర వైపు చూసేవాడు.

గ్లౌజుల్లో పట్టు జారుతుంది. మడత అంచు వేలికి తెలియదు. కుచ్చిళ్ళు వంకరగా పడుతున్నాయి. ఇది చూసేవాళ్ళకు తెలియలేదు. తెలిసింది అంజినమ్మకు. అమ్మవారి చీర గొడవ తర్వాత మేడమీది అమ్మాయిల దగ్గర నేర్చుకుని, ఆమె కూడా రోజూ లైవ్ చూడటం మొదలుపెట్టింది.

"ఏమప్పా, చీర మడుస్తాండావా, దుప్పటి చుడతాండావా?"

"గ్లౌజులే. నీకు తెలీదు."

"తెలీకేమి. పిల్లి పాలు తాగేటప్పుడు కాళ్ళు పెట్టినట్టు పెడతాండావు."

గోళ్ళ మీద జెల్ మాత్రం మూడు వారాలు ఉండనని తేల్చేసింది. ఒక్కొక్కటే మూలల నుంచి లేస్తోంది. జెస్సీ దగ్గరికి పోతే కరిగించి తీసేది. కానీ పోతే ఎందుకు లేచిందని అడుగుతుంది. అడిగితే నూనె సంగతి చెప్పాలి. పట్టు ముట్టుకున్న చేతులు ఉన్నట్టుండి కొబ్బరినూనె గిన్నె చేతులైపోతాయి. అందుకని మడివాళ బస్టాపులో నిలబడి, బస్సు వచ్చేలోగా, పంటితో పట్టి ఒక్కొక్కటీ లాగేసుకున్నాడు. పాము కుబుసంలా ఊడొచ్చాయి. బొటనవేలిది అంత సులువుగా రాలేదు. గట్టిగా లాగాడు. వచ్చింది, గోటి పై పొరను, పక్కన చర్మాన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

రెండు రోజుల్లో బొటనవేలికి గోరుచుట్టు లేచింది. ఎర్రగా ఉబ్బి, దాని గుండె దానికే వేరుగా ఉన్నట్టు కొట్టుకుంటోంది. అంజినమ్మ ఒక నిమ్మకాయకు బెజ్జం చేసి, లోపల పసుపు పెట్టి, వేలికి తొడిగింది.

"ఈ పొద్దు అంగడికి పోవద్దు."

"పోకుంటే ఎట్లనే? పండగ లైవ్. నేను లేకుంటే ఎవరు కూర్చుంటారు?"

బస్సులో కడ్డీ పట్టుకుంటే నిమ్మకాయ తగులుతుందని బొటనవేలు పైకి ఎత్తి నిలబడ్డాడు. ఎదురుగా ఉన్నవాడు ఎవరికో శభాష్ చెబుతున్నాడనుకుని తానూ వేలు ఎత్తాడు.

అంగడిలో గ్లౌజు తొడగబోతే నిమ్మకాయ దగ్గర ఆగిపోయింది. నిమ్మకాయ తీసి తొడగబోయాడు. నూలు గుడ్డ తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి నోట్లోంచి చిన్న కూత కూడా వచ్చింది. శశిధర్ గడియారం చూసుకున్నాడు.

"వదిలేయండి అణ్ణా. లలిత్, నువ్వు గ్లౌజులు ఏసుకో రా."

లలిత్ టేపు కింద పెట్టి వచ్చాడు. పరుపు ఎక్కే ముందు చెప్పులు వరుసగా విడిచాడు. మర్యాద తెలిసిన కుర్రవాడు. గ్లౌజులు వాడికి చక్కగా సరిపోయాయి. దీపం వెలిగింది.

ఆవులప్ప ఫోను వెనక నిలబడ్డాడు, నిమ్మకాయ వేలు ఎత్తిపట్టుకుని. ఇప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. ఈ చేతులు ఎవరివి, అంకుల్ ఎక్కడ అంటారు. శశిధర్ తడబడతాడు. వంద మంది ఒకేసారి అడిగితే ఏం చెప్పాలో కూడా ఆవులప్ప మనసులో సిద్ధం చేసి పెట్టాడు: రెండు రోజుల్లో వచ్చేస్తారు, ఆందోళన వద్దు అని చెప్పమనాలి.

హాయ్ అంకుల్. నమస్తే అంకుల్. అంకుల్ ఆ మామిడిపండు రంగు చూపించండి. అక్షరాలు పైకి పాకుతున్నాయి. లలిత్ చీర విప్పాడు, పరిచాడు, తిరిగి మడిచాడు. వాడి వయసుకు గ్లౌజు కూడా చర్మంలా కదులుతోంది. కుచ్చిళ్ళు గీత గీసినట్టు పడ్డాయి. అప్పుడు వరూధిని రాసింది. శశిధర్ దాన్ని గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"చేతులు చూస్తేనే తెలుస్తుంది, ఎన్నేళ్ళ అనుభవమో. యు ఆర్ గ్రేట్ అంకుల్."

లలిత్ రెండు చేతులూ జోడించి కెమెరాకు నమస్కారం పెట్టాడు. దానికి గుండెలు లెక్కలేనన్ని వచ్చాయి. చేతులు జోడించాలన్న ఆలోచన ఇన్నాళ్ళూ ఆవులప్పకు రాలేదు.

దీపం ఆర్పాక శశిధర్ చాలా మెత్తగా మాట్లాడాడు. అతను మెత్తగా మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరికి ఏదో ఒకటి ఊడుతుంది.

"అణ్ణా, వేలు తగ్గేదాకా మీరు పైన ఉండండి. ఎవరూ కదిలించరు, ప్రశాంతంగా ఉంటుంది. తగ్గినాక చూద్దాం."

"తగ్గినాక నేనే కదప్పా కూర్చునేది?"

"చూద్దాం అణ్ణా."

ఇదే అంగట్లో ఇదే గొంతుతో ఈ మాట తన ముందే ఇంకొకరికి చెప్పడం ఆవులప్ప ఒకప్పుడు విన్నాడు, అప్పుడు పరుపు మీద కూర్చుని కాఫీ తాగుతూ తల ఊపాడు కూడా. మెట్లెక్కి పైకి పోయాడు. అట్టపెట్టె ఒకటి తిరగేసి కూర్చున్నాడు. కింద నుంచి టేపు చప్పుడు రావడం లేదు. పార్సిళ్ళు కట్టేవాడు పరుపు మీద ఉన్నాడు కాబట్టి, ఆ పని కూడా తనకే పైకి వస్తుందని కాసేపటికి అర్థమైంది. వచ్చింది.

ఇంటికి చేరేసరికి అంజినమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఆయన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవులప్ప ఆ మొహం చూసిన రోజులు తక్కువ.

"కూర్చో. నీళ్ళు తెస్తా."

నీళ్ళు తెచ్చింది. ఆయన వేలు తన చేతిలోకి తీసుకుని, నొప్పి పుట్టకుండా పక్కకు తిప్పి చూసింది.

"మేడమీది పిల్లోళ్ళు, నేను, అందరం చూసినాము ఈ పొద్దు. ఇంత వాపు పెట్టుకుని గ్లౌజులు ఎట్ల ఏసుకుంటివప్పా?"

ఆవులప్ప గ్లాసు నోటి దగ్గర ఆపాడు.

"ఇన్ని దినాలు నేనే నోరు జారితిని. పిల్లి కాళ్ళని, దుప్పటని. ఈ పొద్దు చూడాల, ఎంత కుదురుగా మడిస్తివి. ఒక్క కుచ్చి వంకర పోలేదు. మళ్ళీ ఆఖర్న దండం పెడితివి. జెస్సీకి చెప్పినా, చూడవే మా ఆయన, ప్రాణం పోతాన్నా పనిలో తేడా రానీడు అని."

నిజం చెప్పడానికి ఇదీ మంచి సమయమే. అడిగింది కట్టుకున్న భార్య, గుమ్మంలో వేరే ఎవరూ లేరు. ఆవులప్ప నీళ్ళు నెమ్మదిగా తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, నిమ్మకాయ వేలిని మోకాలి మీద, బాగా కనబడేలా పెట్టుకున్నాడు.

"ఏం చేసేదే," అన్నాడు. "నొప్పని కూర్చుంటే జరుగుతాదా? నేను లేకుంటే ఆ అంగట్లో మడిచేవాడు ఎవడుండాడు?"